తిరుపతి దగ్గర చిన్న మ్యూజియం: వెబ్‌సైట్‌లో ఏం పెట్టాలి, దేనికి డబ్బులు దండగ?

పాకాల_జంక్షన్
అందరికీ నమస్తే. మాది తిరుపతికి దగ్గర్లో ఒక ట్రస్టు నడిపే చిన్న మ్యూజియం, రెండు హాళ్ళు ఒక స్టోర్ రూము అంతే. తాళపత్రాలు, కాళహస్తి కలంకారీ తెరలు, పాపానాయుడుపేట గాజు పూసలు, ఇత్తడి దీపాలు, తిరుపతి పాత ఫోటోలు ఒక బీరువా నిండా ఉండాయి. నేను అక్కడ జీతానికి పనిచేసే మనిషిని, కంప్యూటర్ వచ్చు అన్న పాపానికి వెబ్‌సైట్ పని నా నెత్తిన పడింది. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి కొటేషన్ ఇచ్చిపోయినారు, అందులో 360 డిగ్రీల టూర్, వీఆర్, చాట్‌బాట్, హోమ్ పేజీలో డ్రోన్ వీడియో అన్నీ ఉండాయి, మా వస్తువుల జాబితా మాత్రం ఎక్కడా లేదు. రేటు చూసి మా సెక్రటరీ సార్ మంచినీళ్ళు అడిగినాడు. ఇందులో నిజంగా కావాల్సింది ఏది, పెద్ద మ్యూజియాలు ఎట్ల చేస్తా ఉండాయి, తెలిసినవాళ్ళు చెప్పండి.

అలిపిరి_అబ్బాయి
బ్రో నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్, సొంతూరు తిరుపతే. 360 టూర్ తీసేయొద్దు ప్లీజ్, ఈ రోజుల్లో జనం ముందు ఫోన్‌లో చూసి తర్వాతే బయల్దేరతారు. గూగుల్ వాళ్ళ ఆర్ట్ ప్రాజెక్ట్ 2011 లో 17 మ్యూజియాలతో మొదలైనప్పుడు అందరూ నోరెళ్ళబెట్టింది ఆ లోపల తిరిగే వ్యూ చూసే కదా. బెంగళూరులో మ్యాప్ అని ఉంది, మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ, వాళ్ళు 2020 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లోనే మ్యూజియం తెరిచేశారు, బిల్డింగ్ తెరిచింది 2023 ఫిబ్రవరిలో. అంటే గోడలు లేకముందే జనాన్ని సంపాదించుకున్నారు. మీరూ అట్లా పెద్దగా ఆలోచించండి.

రేణిగుంట_రైలు
సెక్రటరీ సార్ ఇప్పుడెట్లా ఉన్నాడు 😂

చంద్రగిరి_గైడు
అన్నా నేను ఊరికినే ఒక మాట చెప్తా. నేను కోట కాడ టూరిస్టులకి చూపిస్తా ఉంటా. కొండమీద దర్శనం అయినాక మిగిలిన పూట ఏం చేయాల అని కార్లో వస్తారు, శుక్రవారం కూడా వచ్చేస్తారు, రాజమహల్లో ఉండేది ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం, ఆ సైట్ మ్యూజియాలకి శుక్రవారం సెలవు. తమిళనాడు నుంచి పిల్లోల్ని ఏసుకుని వచ్చి గేటు కాడ నిలబడతారు. వాళ్ళకి డ్రోను వీడియో ఏం చేసుకోను? ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు మూస్తారు, టికెట్ ఎంత, కారు యాడ పెట్టాల, బాత్రూము ఉండాదా, ముసలోళ్ళు ఎక్కాల్సిన మెట్లు ఎన్ని. ఇవి మొదటి పేజీలో పైన రాయండి చాలు. నన్ను రోజూ అడిగేది ఇదే, రాజమహల్ ఎవురు కట్టినారని అడిగేది లోపలికి పోయినాకనే.

వెబ్_చిత్తూరు
గైడు అన్న చెప్పింది వంద శాతం. నేను చిత్తూరులో ఫ్రీలాన్స్‌గా సైట్లు చేస్తాను. ఇంకో మాట, చాలామంది అసలు మీ సైట్ దాకా రారు. గూగుల్ మ్యాప్స్‌లో పేరు కొట్టి అక్కడ కనపడే టైమింగ్స్ చూసి బయల్దేరతారు, ఆ లిస్టింగ్ ఎవరో దారినపోయే దానయ్య పెట్టింది అయ్యుంటే తప్పుడు ఫోన్ నంబర్ ఉంటుంది. ముందు దాన్ని మీ చేతిలోకి తీసుకోండి, వెరిఫై చేయించుకోండి, దానికి పైసా ఖర్చు లేదు. పండగ సెలవులు కూడా అందులో మార్చొచ్చు, సంక్రాంతి కనుమ నాడు తెరిచి ఉంటుందో లేదో జనం చూసేది అక్కడే.

360 గురించి అలిపిరి తమ్ముడికి ఒక జ్ఞాపకం చేస్తా. ఒకప్పుడు వర్చువల్ టూర్లు చాలావరకు ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్ళు. 2020 డిసెంబర్ 31 తో ఫ్లాష్‌కి నూకలు చెల్లినాయి, లక్షలు పోసిన టూర్లు నల్ల డబ్బాలై కూర్చున్నాయి. కానీ అదే సైట్లలో ఉన్న మామూలు ఫోటో, కింద రాసిన నాలుగు లైన్లు ఇప్పటికీ తెరుచుకుంటాయి. చిన్న సంస్థ పదేళ్ళు బతికే దాని మీద ఖర్చు పెట్టాలి.

అలిపిరి_అబ్బాయి
ఫ్లాష్ కథ వేరు అన్నా, ఇప్పుడంతా బ్రౌజర్‌లోనే నడిచే టెక్నాలజీ. కానీ టైమింగ్స్ ముందు అనే పాయింట్ ఒప్పుకుంటా.

వెబ్_చిత్తూరు
ఇంకోటి మర్చిపోయా, ఇది అన్నిటికన్నా ముఖ్యం. డొమైన్, అంటే సైట్ అడ్రసు, ట్రస్టు పేరు మీద, ట్రస్టు ఈమెయిల్‌తో కొనండి. సైట్ చేసినవాడి పేరు మీద వద్దు. నా దగ్గరకి వచ్చే కేసుల్లో సగం ఇవే, చేసినాయన ఫోన్ ఎత్తడు, రెన్యువల్ తేదీ ఎవరికీ తెలీదు, ఒకరోజు పొద్దున సైట్ తెరిస్తే ఏదో పేకాట యాప్ ప్రకటన. పాస్‌వర్డులు ఒక నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టమంటే నవ్వుతారు కానీ మనిషి మారినప్పుడు అదే కాపాడుతుంది.

తాటాకు
నేను తాళపత్రాల కేటలాగ్ పనిలో చాలాకాలం ఉన్నదాన్ని. పాకాల గారూ, కొటేషన్లో జాబితా లేదు అన్నారు చూడండి, అసలు సమస్య అక్కడుంది. మీ దగ్గర యాక్సెషన్ రిజిస్టర్ ఉందా? అంటే ప్రతి వస్తువుకీ ఒక నంబరు, ఎక్కడ్నుంచి వచ్చింది, ఎవరిచ్చారు, కొలతలు, ఏ పదార్థం, పరిస్థితి ఎట్లా ఉంది. అది లేకుండా వెబ్‌సైట్ చేస్తే ఎన్ని హంగులు పెట్టినా అందమైన కరపత్రమే అవుతుంది.

పెద్దవాళ్ళకి కూడా ఈ రోగం ఉంది. బ్రిటిష్ మ్యూజియంలో 2023 ఆగస్టులో బయటపడింది కదా, సుమారు 2,000 వస్తువులు పోవడమో పాడవడమో జరిగిందని. పోయినవాటిలో చాలా భాగం చిన్న చిన్న చెక్కిన రాళ్ళు, నగల ముక్కలు, సరిగ్గా కేటలాగ్ ఎక్కనివి, కొన్ని ఆన్‌లైన్ వేలంలో అమ్ముడయ్యాయి. పేరూ ఫోటో లేని వస్తువు పోయినా పోయిందని నిరూపించడం కష్టం. ఆ దెబ్బతో అదే ఏడాది అక్టోబర్‌లో మొత్తం సేకరణని ఐదేళ్ళలో ఆన్‌లైన్‌లో పెడతామని ప్రకటించారు. అంత పెద్ద సంస్థ కూడా చివరికి వచ్చి పడింది జాబితా, ఫోటో దగ్గరికే.

మనదేశంలో సాలార్‌జంగ్ మ్యూజియం, ఢిల్లీ నేషనల్ మ్యూజియం లాంటివాటి వస్తువులు మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో చూడొచ్చు, దాని వెనక జతన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పుణె సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ వాళ్ళు చేసింది. మీకు అంత అక్కర్లేదు. ముందు ఎక్సెల్ షీట్ చాలు.

పాకాల_జంక్షన్
మేడం రిజిస్టర్ ఉంది, చేత్తో రాసింది, పాత మేనేజర్ గారి దస్తూరీ డాక్టర్ల చీటీ లెక్క ఉంటుంది. దీపాలకి "దీపము – 1, పెద్దది" అని రాసుంది. ఇంకో "దీపము – 1, పెద్దది" కూడా ఉంది. గోడమీద బోర్డుల్లో తెలుగు రాతంతా డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో చేయించింది, ఆ ఫైళ్ళు నా దగ్గర ఉండాయి కానీ కాపీ చేసి వర్డ్‌లో వేస్తే పిచ్చి గీతలు వస్తా ఉండాయి.

వెబ్_చిత్తూరు
అది యూనికోడ్ కాదు కాబట్టి, అంటే అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వత్తుల దగ్గర కొంచెం తప్పులొస్తాయి, ఎవరైనా కూర్చుని దిద్దాలి. దయచేసి ఆ బోర్డుల్ని ఫోటో తీసి బొమ్మలుగా సైట్లో పెట్టొద్దు, స్కాన్ చేసిన పీడీఎఫ్ కూడా వద్దు. గూగుల్‌కి అందులో తెలుగు ఒక్క అక్షరం నమ్మకంగా దొరకదు, ఫోన్‌లో చూసేవాడు వేళ్ళతో లాగి లాగి విసుక్కుని పోతాడు.

చెవితో_చదువుతా
నేనూ ఒక మాట చెప్పాలి. నాకు చూపు లేదు, చిత్తూరులో బ్యాంకులో పనిచేస్తాను, తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు, ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వాడతాను, ఇక్కడి పోస్టులన్నీ అట్లాగే వింటున్నా. మ్యూజియం సైట్లు తెరిస్తే నాకు వినపడేది ఏంటో తెలుసా, "ఇమేజ్, ఐఎంజీ అండర్‌స్కోర్ నాలుగు సున్నా మూడు రెండు". మళ్ళీ "ఇమేజ్". మళ్ళీ "ఇమేజ్". ప్రతి ఫోటో వెనకాల ఆల్ట్ టెక్స్ట్ అని ఒక చిన్న పెట్టె ఉంటుంది, అక్కడ రెండు వాక్యాలు తెలుగులో రాస్తే నా ఫోన్ చదువుతుంది. "అందమైన పురాతన దీపం" అని రాయకండి, అందమో కాదో నేను అనుకుంటా. "జానెడు ఎత్తు ఇత్తడి దీపం, ఐదు వత్తులు పెట్టే చోటు, పైన హంస, హంస ముక్కు విరిగింది" అని రాయండి. అప్పుడు నా చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

ప్రభుత్వ సైట్లకి అయితే ఇది మర్యాద కోసం చేసే పని కాదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా ఉన్నాయి. ట్రస్టు వాళ్ళు కూడా పాటిస్తే ఎవరూ కాదనరు.

రేణిగుంట_రైలు
హంస ముక్కు విరిగింది అని వినగానే నాకే చూడాలనిపించింది

తాటాకు
@చెవితో_చదువుతా మీరు చెప్పిన ఆ వాక్యం సరిగ్గా కేటలాగ్ ఎంట్రీ సార్. ఎత్తు, పదార్థం, వత్తులెన్ని, దెబ్బ ఎక్కడ తగిలింది. పోయిన కళాఖండాల్ని గుర్తుపట్టడానికి ఆబ్జెక్ట్ ఐడీ అని ఒక అంతర్జాతీయ పద్ధతి 1997 లో వచ్చింది, పోలీసులు, కస్టమ్స్ వాళ్ళు వాడతారు, అందులో కూడా ఈ ప్రశ్నలే, ముఖ్యంగా విరుగుళ్ళు, గీతలు, మచ్చలు. ఒకే పోలికలో నాలుగు దీపాలుంటాయి కానీ హంస ముక్కు అదే చోట విరిగినవి రెండు ఉండవు. అంటే పాకాల గారు ఒక్కసారి రాసుకుంటే రిజిస్టర్‌కీ, సైట్‌కీ, ఈ సార్‌కీ, రేపు దేవుడు చల్లగా చూడక దొంగతనం జరిగితే స్టేషన్‌కీ అదే పనికొస్తుంది.

ఇత్తడి_దీపం
దొంగతనం మాట వచ్చింది కాబట్టి. నేను కూడా ఒక చిన్న సేకరణ ఉన్నవాణ్ణి, పేరు వద్దు. మీరంతా ఫోటోలు పెట్టండి పెట్టండి అంటున్నారు. ఏముందో, ఎక్కడుందో లోకానికి చూపించడం అంటే దొంగని పిలిచి తాళం చేతికి ఇచ్చినట్టు కాదా? పైగా మనవి దేవుడి బొమ్మలు. పెద్ద సైజులో ఫోటో పెడితే రేపు దాన్ని కాఫీ కప్పు మీద, చెప్పుల మీద వేసి అమ్ముతారు. అప్పుడు ట్రస్టుని తిడతారా ఈ ఫోరంలో వాళ్ళని తిడతారా? మా మేనమామ కాలం నుంచి మా ఇంట్లో ఒకటే రూలు, చూడాలంటే ఇంటికి రండి, కాఫీ తాగండి, చూసి వెళ్ళండి, ఫోటో వద్దు.

తాటాకు
మీ భయం కొట్టిపారేసేది కాదండీ, కానీ దొంగతనం విషయంలో జరిగింది ఉల్టా. తమిళనాడు అరియలూరు జిల్లా శ్రీపురంతాన్ గుడి నటరాజ విగ్రహం పోయింది. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2008 లో సుమారు 50 లక్షల డాలర్లకి కొన్నది అదే అని తేలడానికి ఆధారం ఏంటంటే పాండిచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ దగ్గర ఎప్పుడో గుళ్ళు తిరిగి తీసి పెట్టుకున్న నలుపు తెలుపు ఫోటోలు. వాటిని పక్కన పెట్టి పోల్చారు. 2014 లో విగ్రహం ఇండియాకి తిరిగొచ్చింది. ఫోటో లేని ఊళ్ళ విగ్రహాలు ఎన్ని ఎవరి డ్రాయింగ్ రూముల్లో ఉన్నాయో ఎవరు చెప్పగలరు.

చూపించకూడనివి ఉన్నాయి నిజమే. స్టోర్ రూము ఎక్కడుంది, ఏ బీరువాలో ఏది, ఇన్సూరెన్స్ విలువ ఎంత, దాత ఇంటి అడ్రస్. ఇవి షీట్‌లో వేరే కాలమ్స్‌లో ఉండాలి, సైట్‌లోకి రాకూడదు. 360 టూర్‌లో కెమెరాలు ఎక్కడున్నాయి, కిటికీ గడియ ఎట్లా ఉంది కూడా తిప్పి తిప్పి చూడొచ్చు, అది ఎవరూ ఆలోచించరు.

అలిపిరి_అబ్బాయి
ఓహ్. 360 విషయంలో ఇది నాకు తట్టలేదు.

చెప్పుల మీద బొమ్మ గురించి మాత్రం నాదొక మాట. ఆమ్‌స్టర్‌డ్యామ్ రైక్స్ మ్యూజియం వాళ్ళు 2012 లో రైక్స్‌స్టూడియో అని పెట్టి 1,25,000 బొమ్మల్ని పెద్ద సైజులో ఫ్రీగా వదిలేశారు, డౌన్‌లోడ్ చేసుకో, ఫోన్ కవర్ మీద వేసుకో, నీ ఇష్టం. అప్పటికి వాళ్ళ బిల్డింగ్ రిపేర్లలో చాలా భాగం మూసే ఉంది, 2013 లో గానీ తెరుచుకోలేదు. ఎందుకు వదిలారు అంటే, వెర్మీర్ గీసిన పాలు పోసే అమ్మాయి బొమ్మ నెట్ నిండా పసుపు రంగు కొట్టిన చెడిపోయిన కాపీలే, జనం ఆ పసుపే అసలనుకుని మ్యూజియం షాపులో అసలు రంగు కార్డు చూసి నమ్మలేదంట. మంచి ఫోటో మనం ఇవ్వకపోతే చెడ్డ ఫోటో రాజ్యం ఏలుతుంది. న్యూయార్క్ మెట్ మ్యూజియం కూడా 2017 ఫిబ్రవరిలో 3,75,000 ఫోటోలు ఎవరైనా దేనికైనా వాడుకోండి అని ఇచ్చేసింది.

ఇత్తడి_దీపం
పాలు పోసే అమ్మాయి వేరు, రోజూ హారతి తీసుకునే మూర్తి వేరు నాయనా. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఆ బొమ్మకి ఎవరూ దణ్ణం పెట్టరు.

కలంకారీ_కాళహస్తి
మధ్యలో దూరుతున్నా, మాది శ్రీకాళహస్తి, అమ్మా నేనూ ఇద్దరం కలంకారీ వేస్తాం. అలిపిరి అన్న రంగుల మాట చెప్పాడు చూడండి, మా కడుపులో మాట అది. కరక్కాయ పాలలో తడిపిన గుడ్డ, ఇనప తుప్పు బెల్లం ఊరబెట్టిన నలుపు, ఆ ఎరుపు, ఆ నీలం... ఫోన్‌లో ఎల్ఈడీ లైటు కింద తీస్తే అన్నీ మారిపోతాయి. జనం ఆ ఫోటో చూసి ఆర్డర్ ఇస్తారు, గుడ్డ పోయాక ఇట్లా డల్‌గా ఉందేంటి అంటారు. దయచేసి ఫోటో తీసేటప్పుడు పక్కన రంగులు సరిపోల్చుకునే కలర్ కార్డు ఒకటి, స్కేలు ఒకటి పెట్టండి, పగటి వెలుతురులో తీయండి, ఎండ నేరుగా పడకూడదు.

ఇంకోటి, మా డిజైన్లు కాపీ కొట్టి మిల్లులో ప్రింట్ వేసి కలంకారీ అని అమ్మే వాళ్ళతో మేం రోజూ పడుతున్నాం. కాబట్టి ఇప్పుడు బతికున్న కళాకారులు వేసింది పెద్ద సైజులో పెట్టే ముందు వాళ్ళని అడగండి, పేరు రాయండి. కానీ నూరేళ్ళ నాటి తెరలు మాత్రం పెద్దగా, గీత గీత కనపడేలా పెట్టండి అని బతిమాలుతున్నా. మా తాత తరం కలం పట్టు ఎట్లా ఉండేదో చూడాలంటే ఇప్పుడు మాకు దారి లేదు, మంచి తెరలు ఎక్కడో విదేశాల మ్యూజియాల్లో ఉన్నాయి, వాళ్ళ సైట్‌లో జూమ్ చేసి చేసి నేర్చుకున్నా నేను. మా ఊరికి అరగంట దూరంలో ఉన్న తెర చూడటానికి మాత్రం సైట్ లేదు.

చంద్రగిరి_గైడు
ఈ అక్క చెప్పింది బో బాగుండాది.

వెబ్_చిత్తూరు
దీని మీద కొట్టుకోకుండా ఒక పని చేయొచ్చు. అందరికీ మధ్య సైజు ఫోటో, ఫోన్‌లో బాగా కనపడేంత. పాతవి, మూర్తులు కానివి పెద్ద సైజు డౌన్‌లోడ్. పూజలో ఉన్నవి, బతికున్న కళాకారులవి, అడిగితే ఇస్తాం అని ఒక ఫారం. ప్రతి పేజీ కింద వాడుకోవచ్చా లేదా అని తెలుగులో ఒక్క లైను. ఎవరు ఏంటికి అడిగారో ఆ ఫారంలోనే తెలుస్తుంది, అది కూడా ట్రస్టుకి మంచి సమాచారం. పాత ఫోటోలకి అయితే కాపీరైట్ చూసుకోవాలి, మన చట్టంలో ఫోటోకి ఇదివరకు అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్ళు ఉండేది, 2012 సవరణతో తీసినాయన పోయిన తర్వాత 60 ఏళ్ళు అయింది.

ఇత్తడి_దీపం
ఫారం అయితే ఆలోచించొచ్చు. వాటర్‌మార్క్ వేయండి కనీసం.

కలంకారీ_కాళహస్తి
వాటర్‌మార్క్ అంటే తెర మధ్యలో రాముడి మొహం మీద పెద్దగా ట్రస్టు పేరు రాయడం. వద్దండీ.

పాకాల_జంక్షన్
ఇంత వస్తుందనుకోలేదు, అన్నీ ప్రింటు తీసి సెక్రటరీ సార్‌కి ఇస్తా. సరే వస్తువులు పెట్టినాం అనుకోండి, చూసేది ఎవరు? ఫేస్‌బుక్ పేజీ ఉంది మాకు, "నేటి వస్తువు" అని పెడితే మా ట్రస్టు వాళ్ళే లైకులు కొడతారు, గుడ్ మార్నింగ్ అని కామెంట్ పెడతారు.

రేణిగుంట_రైలు
రీల్స్ చెయ్ అన్నా. తాళపత్రం పక్కన నువ్వు డ్యాన్స్

అలిపిరి_అబ్బాయి
నవ్వకండి, రీల్స్ పనిచేస్తాయి. ఇటలీ ఉఫీజీ గ్యాలరీ 2020 లో టిక్‌టాక్‌లోకి వెళ్ళింది, అంత పాతకాలపు గంభీరమైన మ్యూజియం వాళ్ళు సొంత పెయింటింగుల మీదే జోకులు వేసుకున్నారు. మనకి ఆ జూన్‌లోనే టిక్‌టాక్ బ్యాన్ అయింది కాబట్టి ఇన్‌స్టా. ఇంగ్లండ్‌లో రెడింగ్ అనే ఊళ్ళో పల్లె జీవితం మీద ఒక మ్యూజియం ఉంది, 2018 ఏప్రిల్‌లో వాళ్ళ ఆర్కైవ్‌లోంచి ఒక బాగా బలిసిన గొర్రె పొట్టేలు పాత ఫోటో తీసి, దీని సైజు చూడండిరా అన్న టైపులో ఒక్క ముక్క రాసి ట్విట్టర్‌లో పెట్టారు. ప్రపంచమంతా తిరిగింది. ఖర్చు సున్నా. మన దగ్గర పుంగనూరు ఆవు ఫోటో లేదా మీ బీరువాలో? అంత పొట్టి ఆవుని చూపిస్తే ఆగకుండా పోయేవాడు ఎవడు?

తాటాకు
పొట్టేలు కథ నాకూ ఇష్టమే, కానీ అందులో అందరూ మర్చిపోయేది ఏంటంటే ఆ ఫోటో వాళ్ళకి వెతికితే దొరికింది. కేటలాగ్‌లో ఉంది కాబట్టి. పాకాల గారి బీరువాలో పుంగనూరు ఆవు ఉందో లేదో పాకాల గారికే తెలీదు.

నా లెక్కలో లైకుల కన్నా జనానికి పని ఇవ్వడం మంచిది. 2008 జనవరిలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫ్లికర్ అనే ఫోటోల సైట్‌లో సుమారు 3,000 పాత ఫోటోలు పెట్టి, ఇందులో ఎవరు, ఎక్కడ, తెలిస్తే చెప్పండి అంది. జనం కిటికీ నీడలు చూసి, బోర్డులు చదివి ఊళ్ళు గుర్తుపట్టారు, లైబ్రరీ వాళ్ళు సరిచూసుకుని రికార్డులు దిద్దుకున్నారు. మీ పాత తిరుపతి ఫోటోలు అట్లా పెట్టండి. మొదటి ఘాట్ రోడ్డు 1944 లో తెరిచారు, ఆ కాలం బస్సులు, అలిపిరి, గోవిందరాజస్వామి గుడి ముందు వీధి, కోనేటి గట్టు. ఇందులో ఈ కొట్టు ఎవరిది అని అడగండి చాలు. డెబ్బై ఎనభై దాటినవాళ్ళకి ఫోన్ మనవళ్ళు చూపిస్తారు, ఆ మనవడు కామెంట్ రాస్తాడు. ఇంకో పదేళ్ళు పోతే అడగడానికి కూడా మనిషి ఉండడు.

చంద్రగిరి_గైడు
మేడం నిజం. మా నాయన అయితే ఫోటోలో చెట్టు చూసి రోడ్డు చెప్పేస్తాడు. వాట్సాప్‌లో పెట్టండన్నా, ఫేస్‌బుక్ మా నాయనకి రాదు. వాయిస్ మెసేజ్ అయితే గంట మాట్లాడతాడు.

పాకాల_జంక్షన్
వాయిస్ మెసేజ్! ఇది బాగుంది. పెద్దాయన మాట అట్లాగే ఆ ఫోటో పేజీలో వినపడేటట్టు పెట్టొచ్చా?

చెవితో_చదువుతా
పెట్టండి, అది నాకు అన్నిటికన్నా మేలు. అడిగి, ఒప్పుకున్నాకే పెట్టండి, ఇంటిపేరు ఫోన్ నంబరు మాటల్లో దొర్లితే కత్తిరించండి. కింద ఏం మాట్లాడారో రాసి పెడితే చెవుడు ఉన్నవాళ్ళకి కూడా.

వెబ్_చిత్తూరు
వాట్సాప్‌లో ఒక చిక్కుంది. గ్రూపులో వచ్చిన ఆణిముత్యం మూడు రోజుల్లో గుడ్ మార్నింగుల కింద పూడిపోతుంది. ఎవరో ఒకరు ప్రతి వారం కూర్చుని పనికొచ్చేవి ఎత్తి షీట్‌లో ఎక్కించాలి, ఎవరు చెప్పారో రాయాలి. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయాలి. సోషల్ మీడియా అద్దె ఇల్లు, ఓనరు ఎప్పుడు ఖాళీ చేయమంటాడో తెలీదు, టిక్‌టాక్‌లో కష్టపడినవాళ్ళని అడగండి. సామాను సైట్‌లో ఉండాలి.

తాటాకు
తాళపత్రాలకి కూడా ఇదే దారి. అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియాల వాళ్ళు 2013 నుంచి ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్ నడుపుతున్నారు, చేతిరాత కాగితాలు ఆన్‌లైన్‌లో పెడితే వాలంటీర్లు టైప్ చేస్తారు, ఇంకొకరు సరిచూస్తారు. తెలుగులో మనకి వికీసోర్స్ ఉంది, ఒకవైపు పేజీ బొమ్మ, ఇంకోవైపు టైప్ చేసే చోటు, అచ్చు పుస్తకాల మీద మనవాళ్ళు ఏళ్ళుగా చేస్తున్నదే. తాటాకు చదవడం అంత తేలిక కాదు, గంటంతో గీసిన గీతలు మసి పూస్తే గానీ కనపడవు, పదాల మధ్య ఖాళీ ఉండదు. మసి మాత్రం మీరు సొంతంగా పూయొద్దు పాకాల గారూ, చేతకాని చేతుల్లో ఆకు విరిగిపోతుంది, పక్కనుంచి వాలుగా లైటు వేసి తీస్తే చాలావరకు అక్షరం లేస్తుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పక్కనే ఉంది, లిపి చదవగలిగేవాళ్ళు దొరికే ఊరు ఇది.

అలిపిరి_అబ్బాయి
చాట్‌బాట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏఐ పెడితే విజిటర్ ఏదడిగినా తెలుగులో చెప్తుంది కదా?

తాటాకు
రిజిస్టర్‌లో "దీపము – 1, పెద్దది" అని ఉంటే చాట్‌బాట్ ఏం చెప్తుంది బాబూ? కృష్ణదేవరాయలు ఇచ్చిన దీపం అని కల్పించి చెప్తుంది. అది ఎవరో ఇన్‌స్టాలో పెడతారు. తర్వాత దాన్ని కాదని చెప్పడానికి నా బోటి వాళ్ళ జీవితం చాలదు.

రేణిగుంట_రైలు
కృష్ణదేవరాయల దీపం వాట్సాప్‌లో ఆల్రెడీ వచ్చేసి ఉంటుంది మేడం

వెబ్_చిత్తూరు
బాట్ పక్కన పెట్టు తమ్ముడూ, గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ పెడితే జనం ఏ మాట కొట్టి సైట్‌కి వచ్చారో కనపడుతుంది, అది ఫ్రీ. నేను చూసిన ఒక సైట్‌లో అందరూ వెతికింది ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు మాటలు, తాళపత్రం స్పెల్లింగే నాలుగు రకాలు. కాబట్టి ప్రతి వస్తువు పేజీలో జనం పిలిచే పేర్లన్నీ ఎక్కడో ఒకచోట రాయండి, దీపం, కుందె, సెమ్మె, తమిళం వాళ్ళ కోసం కుత్తువిళక్కు కూడా. కొండకి వచ్చే జనంలో తమిళం, కన్నడం వాళ్ళు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. సైట్ మొత్తం మూడు భాషల్లో అక్కర్లేదు, టైమింగ్స్ పేజీ ఒక్కటీ చేయండి.

సాఫ్ట్‌వేర్ ఏది అని అడుగుతారేమో, ఒమేకా అని ఉంది, అమెరికా జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టింది, ఇలాంటి సేకరణల కోసమే చేసింది, ఫ్రీ. హోస్టింగ్, అంటే సైట్ ఉంచే చోటికి కట్టే అద్దె, ఆ ఖర్చు ఒక్కటే. కానీ షీట్ పూర్తయ్యేదాకా దాని జోలికి పోవద్దు.

ఇత్తడి_దీపం
నేను రెండు రోజులుగా చదువుతా ఉన్నా. నా ఇంట్లో ఉన్నవాటికి ఆ విరుగుళ్ళ లెక్క రాసుకోవడం మొదలుపెట్టినాను. సైట్‌లో పెట్టను. అయినా రాస్తున్నా. ఫోటోల విషయంలో ఇప్పటికీ మీ ఎవ్వరితో ఏకీభవించను, మూర్తి ఫోటో డౌన్‌లోడ్ అనేది తప్పే.

పాకాల_జంక్షన్
అప్‌డేట్. కమిటీ మీటింగ్ అయింది. డ్రోన్ వీడియో తీసేసినారు. 360 కూడా లేదు. చాట్‌బాట్ కావాలని ఒకాయన పట్టుబట్టినాడు, వాళ్ళ అల్లుడు చేస్తాడంట, అది వచ్చే ఏడాది చూద్దాం అని వాయిదా వేసినాం. టైమింగ్స్ మ్యాప్స్‌లో సరిచేసినాను, అక్కడ మా మ్యూజియం ఫోటో అని ఎవరో బిర్యానీ ఫోటో పెట్టుండారు, రిపోర్ట్ కొట్టినా. ముందు పాత ఫోటోలు, తర్వాత తెరలు, ఆ తర్వాత దీపాలు అని వరస పెట్టుకున్నాం. మూర్తుల సంగతి ఇంకా తేలలేదు, కమిటీలో కూడా ఇక్కడ జరిగిన గొడవే జరిగింది. ఈ ఆదివారం కలంకారీ తెరలు దించి ఫోటోలు తీస్తా ఉండాం, చేయి వేసేవాళ్ళు రావొచ్చు.

అలిపిరి_అబ్బాయి
నేను వీకెండ్ ఊరికి వస్తున్నా, నా దగ్గర మంచి కెమెరా, ట్రైపాడ్ ఉన్నాయి. కలర్ కార్డు బెంగళూరులో కొనుక్కొస్తా.

కలంకారీ_కాళహస్తి
నేను, అమ్మ ఇద్దరం వస్తాం. తెర దించేటప్పుడు పై అంచు పట్టుకుని లాగొద్దు, కింద ఇద్దరు చేతుల మీద పట్టాలి. ఇంకోటి, తెర వెనకవైపు కూడా ఫోటో తీయాలి, రంగు ఎంత లోపలికి దిగిందో, ఎక్కడ మళ్ళీ అద్దారో అక్కడే తెలుస్తుంది. మ్యూజియం సైట్లలో వెనకవైపు చాలావరకు పెట్టరు.

పాకాల_జంక్షన్
వెనకవైపు కూడా తీద్దాం అక్కా. అందరూ తొమ్మిది లోపల రండి, పదకొండు నుంచి మా లైన్లో కరెంటు తీసేస్తారంట.